'పూరములం బరి'యా, 'పూరము లంబర'మా?

తణుకు నుంచి:
భారతం అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో నన్నయ గంటం ఆగిన చోటి పద్యం, శరత్తు రాత్రుల వర్ణన: 'శారదరాత్రు లుజ్జ్వల లసత్తర తారక హార పంక్తులం / జారుతరంబులయ్యె వికసన్నవ కైరవ గంధ బంధురో / దార సమీర సౌరభము దాల్చి సుధాంశు వికీర్యమాణ క / ర్పూర పరాగ పాండురుచి...'. మూడు పాదాలు తడుముకోకుండా వస్తాయి. నాలుగో పాదం తోక మాత్రం రెండు రకాలుగా వినిపిస్తోంది. 'పూరములం బరిపూరితంబులై' అని ఒకటి, 'పూరము లంబరపూరితంబులై' అని ఇంకొకటి. వెన్నెల మీద గ్రంథాలయంలో చదవడానికి ఒక కూర్పు తయారవుతోంది. నన్నయ, ఎఱ్ఱన, కృష్ణశాస్త్రి గారి 'కృష్ణపక్షం', బాపిరాజు గారి 'నారాయణరావు'లో కొన్ని పుటలు, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి వచనం కొంత. మొదటి పద్యమే ఇది గనక తప్పు పాఠంతో, అంటే కవి రాయని మాటతో, మొదలు పెట్టకూడదు. 'రి' ఉంచాలా, 'ర' ఉంచాలా?

ముక్తేశ్వరం నుంచి:
గణాలు చూసి తేల్చుకుందామనుకుంటే కుదరదండీ. ఉత్పలమాల, భ ర న భ భ ర వ. పూరప, రాగపాం, డురుచి, పూరము, లంబరి, పూరితం, బులై. 'లంబరి' తీసి 'లంబర' పెట్టినా భగణమే, ఒక గురువు మీద రెండు లఘువులు. పదో అక్షరం 'పూ', యతి కూడా చెడదు. ఛందస్సు ఇద్దరినీ లోపలికి రానిస్తుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. కూర్పు టైపు చేసేవాళ్లు 'పూరములఁ బరి' అని అరసున్న పెట్టేస్తుంటారు. అప్పుడు 'ల' లఘువైపోయి ఆ చోట భగణం కాస్తా మూడూ లఘువులైన నగణం అవుతుంది. అక్కడ నిండుసున్నే ఉండాలి. 'పూరములన్ బరి' అని ద్రుతం, అంటే చివరి నకారం, నిలిపి రాసినా గణం నిలుస్తుంది.

కాకినాడ నుంచి:
ఆ మాటకే ఇంకొంచెం. పూరములన్ + పరి. ద్రుతం మీద పరుషం సరళమైంది, ప కాస్తా బ అయింది. ద్రుతానికి బిందువు (సున్న) రావడం బాలవ్యాకరణంలో చిన్నయసూరి గారు విభాషగా, అంటే రావచ్చు రాకపోవచ్చు అని, చెప్పారు. హ్రస్వం మీద నిండుసున్నా రావచ్చు, అరసున్నా రావచ్చు. ఏది వేయాలో గణమే చెబుతుంది. దీని వెంటనే వచ్చే ఎఱ్ఱన పద్యం 'స్ఫురదరుణాంశు రాగరుచిఁ బొంపిరివోయి' చూడండి. సంధి అదే, కానీ అక్కడ 'చి' లఘువు కావాలి గనక అరసున్న. రెండు పద్యాలూ పక్కపక్కన అచ్చు వేస్తున్నారు కాబట్టి రెండు సున్నలూ జాగ్రత్తగా చూసుకోండి. అచ్చుతప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే.

పాఠం సంగతికొస్తే 'పరి'యే. అందులో సందేహం లేదు.

పాలకొల్లు నుంచి:
సందేహం లేదనడం తొందరపాటండీ. 'పూరములన్' అన్నాక 'పూరితంబులై' అంటే చాలదూ? పైన 'పరి' దేనికి? నన్నయ ఒక ఉపసర్గ వాడాడంటే దానికి పని ఉంటుంది. 'అంబర' అంటే మాత్రం ఆకాశం కళ్లముందుకు వస్తుంది. పద్యమంతా పైకి చూస్తోంది. నక్షత్రాలు పైన, చంద్రుడు పైన, కలువల గాలి ఒక్కటే కింద. చివర ఆకాశం అనే మాట పడితేనే చిత్రం పూర్తవుతుంది. చెవికి కూడా 'కర్పూర, పరాగ, పూరము, అంబర' అని రేఫ, అంటే ర శబ్దం, వరసగా మోగుతుంది.

రామచంద్రపురం నుంచి:
చిత్రం బాగానే ఉంది, అన్వయం కుదరదు. 'పూరములు అంబరపూరితంబులై' అంటే ఆ వాక్యానికి కర్త పూరములు. 'చారుతరంబులయ్యె' అన్న సమాపకక్రియకు కర్త రాత్రులు. 'దాల్చి'కీ రాత్రులే. 'ఐ' ఒక్కదానికే కర్త మారితే ఏకకర్తృకత్వం, అంటే అన్ని క్రియలకూ ఒకే కర్త ఉండడం, పోతుంది. వేరే కర్త ఉంటే 'కాఁగన్' అనాలి.

ఇంకొకటి. పూరం అంటే వెల్లువ, అది నింపేది. నిండేవి రాత్రులు. 'అంబర' పాఠంలో నింపేదే నిండినదైపోతోంది. ఆకాశాన్ని నింపింది అని చెప్పదలచుకుంటే సమాసం 'పూరితాంబరంబులై' అని కట్టాలి. 'అంబరపూరితం' అంటే ఆకాశంతో నిండినది అవుతుంది.

పాలకొల్లు నుంచి:
'అంబరమునందు పూరితము' అని సప్తమీ తత్పురుష చెప్పుకోవచ్చు కదా. కర్త మారడమంటారా, కావ్యాల్లో అలాంటి సడలింపులు లేకపోలేదు.

రామచంద్రపురం నుంచి:
చెప్పుకోవచ్చు, కానీ అలా చెప్పుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందన్నదే ప్రశ్న. కాకినాడ వారు ఎత్తిన ఎఱ్ఱన పద్యాన్నే వ్యాకరణం కోసం చదవండి. 'నిరస్తనీరదావరణములై' అన్నాడు. మేఘాల కప్పు తొలగినవి ఏవి? వాసరముఖంబులు, అంటే ఉదయాలు. 'వెలింగె'కు కర్త కూడా అవే. కర్త ఒకటే గనక 'ఐ' వాడాడు. కమలాల వైభవం దగ్గరికి రాగానే కర్త మారింది, వెంటనే 'ఉల్లసిల్లన్' అన్నాడు. హంసల, తుమ్మెదల నాదాల దగ్గర మళ్లీ మారింది, 'చెలంగఁగాన్' అన్నాడు. ఒక్క పద్యంలో మూడు చోట్లా తూచినట్టు వాడాడు. సమాసం కూడా చూడండి, 'నిరస్త' ముందు, 'ఆవరణం' వెనక. 'పూరితాంబర' కూడా అదే కట్టుబడి. నన్నయ శేషాన్ని నన్నయ రీతిలో పూరించడానికి పూనుకున్నవాడి వాక్యనిర్మాణం ఇది.

ముక్తేశ్వరం నుంచి:
ఎఱ్ఱన దాకా ఎందుకు, సాక్ష్యం ఈ పద్యంలోనే ఉంది. మొదటి పాదం చివర నుంచి రెండో పాదంలోకి 'తారక హార పంక్తులం జారుతరంబులయ్యె'. పంక్తులన్ + చారుతరంబులు. అదే ద్రుతం, అదే సరళాదేశం, అదే నిండుసున్న, అర్థం కూడా 'చేత' అనే. చుక్కల హారాల వరసలచేత అందమైనవి, వెన్నెల వెల్లువలచేత నిండినవి. మొదట్లో ఎత్తుకున్న వరసనే చివర మళ్లీ ఎత్తుకున్నాడు.

పాలకొల్లు నుంచి:
ఇది బలమైన మాటే. కానీ తిప్పి కూడా చదవొచ్చు. మొదటి పాదం చూసిన లేఖకుడు, చివరి పాదాన్ని దానికి జత చేద్దామని 'ర'కు గుడి తగిలించి ఉండవచ్చు. తాటాకు మీద పదాల మధ్య ఎడం ఉండదు, 'పూరములంబరపూరితంబులై' అని ఒకే తీగ. గుడి ఉంటే ఒక పాఠం, లేకపోతే ఒక పాఠం. గుడి రాలిపోవడం ఎంత తేలికో, చేరడం కూడా అంతే తేలిక.

కాకినాడ నుంచి:
అంత తేలిక కాదండీ. లేఖకుడి చెయ్యి తెలిసిన మాట వైపే జారుతుంది. 'లంబర' అన్న గుంపు కనబడగానే 'అంబరం' తట్టడం సహజం. సంధి విప్పితేగాని అర్థం కాని 'ంబరి' వైపు జారడం అరుదు. రెండు పాఠాలున్నప్పుడు కష్టమైనదాన్ని ముందు నమ్మాలి. చెవి కూడా ఇలాగే మోసం చేస్తుంది. పద్యం పాడేవాళ్లు యతి దగ్గర ఊపిరి తీసుకుని 'పూరము' అని సాగదీసి 'లంబరి' అని అందుకుంటారు. విన్నవాళ్లకు అంబరమే వినిపిస్తుంది. కూర్పులో కూడా 'పూరము లంబరి' అని గణం ప్రకారం విడగొట్టకండి, 'పూరములం బరిపూరితంబులై' అని పదం ప్రకారం విడగొట్టండి.

రాజోలు నుంచి:
పాఠం సంగతి మీరు చూసుకోండి, నాకు ఆ కూర్పు మీదే బెంగ. 'కృష్ణపక్షం' నుంచి ఏం తీసుకుంటున్నారు? 'ఆకులో ఆకునై' అయితే వద్దు. 1925 నాటి ఆ పుస్తకంలో అంతకంటే హాయిగా నోట పలికేది లేదనుకోండి, కానీ అందులో ఉన్నది అడవి, వెన్నెల కాదు. నన్నయ వెంటనే చదివితే పలచబడుతుంది కూడా. నన్నయది బరువైన సంస్కృత సమాసం, కృష్ణశాస్త్రి గారిది చిన్న చిన్న తెలుగు మాటల ఊపు. మధ్యలో వచనం పెట్టి చెవికి తెరిపినివ్వండి.

'నారాయణరావు' పుటలు సరైన ఎంపిక. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని 'వేయిపడగలు'తో పంచుకున్న నవల అని అందరూ చెబుతారు, చదివేవాళ్లు తక్కువ. బాపిరాజు గారు చిత్రకారులు, వర్ణనలో ముందు రంగు పూస్తారు, తర్వాతే మనిషిని నిలబెడతారు. కథ నడక నెమ్మది. అందుకే గట్టిగా చదివేటప్పుడు రెండు పుటలు దాటించకండి.

శ్రీపాద వారి దగ్గర మాత్రం వర్ణన వెతకొద్దు. ఆయన బలమంతా సంభాషణలో ఉంది. 'వడ్లగింజలు'లో చదరంగం ఎత్తులు కూడా మాటల్లోనే నడుస్తాయి. మొదటి గడికి ఒక గింజ, తర్వాతి గడికి రెట్టింపు, అలా 64 గళ్లు. ఆ లెక్క పెరిగినట్టే మాటల బిగువూ పెరుగుతుంది. వెన్నెల కోసమని అందులోంచి ముక్క కోస్తే కథా పోతుంది, వెన్నెలా దొరకదు.

తణుకు నుంచి:
శ్రీపాద వారి బదులు పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' పెడితే? 1952 అంతర్జాతీయ పోటీలో రెండో బహుమతి వచ్చిన కథ గనక వినేవాళ్లకు పేరు తెలిసి ఉంటుంది.

రాజోలు నుంచి:
మంచి కథ. నా లెక్కలో మన డెల్టా రచయితల కథల్లో మొదటి వరసలోది. అందులోని రావుగారి నియమాలన్నీ ఒక్క రాత్రిలో ఎలా సడలిపోతాయో ఒక్క వ్యాఖ్య లేకుండా చెప్పారు. కానీ అది చీకటి కథ, చివర పెట్టండి. కుదించకండి. తుపాను పెరిగే పేరాల్లో ఏది తీసేసినా ఆ ముష్టిమనిషి దగ్గరికి రావుగారు చేరడం హఠాత్తుగా అనిపిస్తుంది.

పాలకొల్లు నుంచి:
మళ్లీ పద్యంలోకి వస్తాను. నన్నయ రాసిన రెండున్నర పర్వాల్లోనూ 'అంబర' శబ్దం వచ్చిన చోట్లన్నీ ఏరితే, సమాసంలో ముందు ఎన్నిసార్లు, వెనక ఎన్నిసార్లు వచ్చిందో తెలుస్తుంది. 'పూరిత' శబ్దం పక్కన ఏ విభక్తి వాడాడో కూడా ఏరాలి. అంతవరకూ 'అంబర' పాఠాన్ని కొట్టేయనివ్వను. కూర్పులో అడుగున పాఠాంతరంగానైనా వేయండి.

రామచంద్రపురం నుంచి:
వేయండి, అభ్యంతరం లేదు. ఏరేటప్పుడు 'ఐ' ముందు కర్త మారిన చోటు ఒక్కటైనా దొరికితే చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ముక్తేశ్వరం నుంచి:
నాలుగో పాదం గొడవలో మొదటి పాదం మరిచిపోకండి. 'లసత్తర తారక' అన్నచోట కొందరు 'తరత్తారక' అని ద్విత్వం పలుకుతున్నారు. అప్పుడు 'ర' గురువై గణం విరిగిపోతుంది. అది లసత్ మీద చేరిన 'తర', అంతే.

కాకినాడ నుంచి:
'తర' సంగతి సరే. దాని ముందున్న 'ఉజ్జ్వల' తారకలకు విశేషణమా, హారాలకా?