"క్రమబద్ధీకరణ అవుతుంది" అంటే ఏమి చెప్పినట్టు?

ప్రశ్న: ఒక ఇల్లు కొనాలనుకుంటున్నాను. కింది అంతస్తుకు అనుమతి ఉంది, పైనున్న రెండు గదులు మాత్రం మంజూరైన ప్లానులో లేవు. అమ్మే ఆయన పంపిన ఒప్పందం ముసాయిదాలో దీని గురించి ఒకే వాక్యం ఉంది: "పై గదులకు క్రమబద్దీకరణ అవుతుంది." దీన్ని హామీ అనుకోవచ్చా? ఆ మాటకు అసలు అర్థం ఏమిటండీ?

మొదటి సభ్యుడు: ముందు వర్ణక్రమం. 'బంధ్' ధాతువు నుంచి వచ్చిన 'బద్ధ' కాబట్టి 'క్రమబద్ధీకరణ' అని రాయాలి, ముసాయిదాలో ఉన్నది తప్పు. అసలు సంగతి 'ఈ'కారంలో ఉంది. అది సంస్కృతంలోని 'చ్వి' అనే ప్రత్యయం చేసే పని (పాణిని వ్యాకరణం అష్టాధ్యాయి, 5.4.50). ప్రత్యయం తాను మాయమై, ముందున్న అకారాన్ని ఈకారం చేసి పోతుంది: శుద్ధ, శుద్ధీకరణ. దాని అర్థాన్ని వ్యాకర్తలు 'అభూత తద్భావం' అన్నారు, అంటే అంతవరకు అలా లేనిది అలా కావడం. తేటగా ఉన్న నీటిని ఎవరూ శుద్ధీకరించరు కదా! ఆ గదులు ఇప్పటికి సక్రమంగా లేవని ఆయన తన చేత్తోనే రాసిచ్చారు.

రెండవ సభ్యుడు: నామం నిజమే చెప్పింది, క్రియతోనే జాగ్రత్త. "అవుతుంది"లో చేసేవాడు కనిపించడు. పైగా మన భాషలో "రేపు వస్తాడు", "రోజూ వస్తాడు" రెండింటికీ ఒకే రూపం. ఇలాంటివి మామూలుగా అవుతుంటాయనే ఉద్దేశంతో రాశానని రేపు ఆయన అనవచ్చు. గడువు తేదీ వేసి "చేయించి ఇస్తాను" అని రాయమనండి. 'చేయించు'తో బాధ్యుడు తేలుతాడు, 'ఇస్తాను'తో కాగితం మీ చేతికి వస్తుంది.

ఇంకొకరు: రిజిస్ట్రేషన్ అయిపోతే అన్నీ సక్రమమే కదా?

మొదటి సభ్యుడు: కాదండీ. రిజిస్ట్రేషన్‌తో చేతులు మారేది హక్కు. ప్లానులో లేని గది, ఆ తర్వాత కూడా ప్లానులో లేని గదే, కొన్నవారి నెత్తిన పడుతుంది. ఈ గందరగోళంలో పత్రికల పాత్ర కూడా ఉంది. అసలు అనుమతే లేకుండా కట్టినా, అనుమతి తీసుకుని దాన్ని దాటి కట్టినా 'అక్రమ కట్టడం' అనే రాస్తాయి. రెండోదానికి 'అతిక్రమణ' అన్న చక్కని మాట ఉంది, దాటడమే దాని అర్థం. మీరు చూస్తున్న ఇల్లు ఆ రెండో రకం.

ప్రశ్న వేసినవారు: కృతజ్ఞతలండీ. "చేయించి ఇస్తాను" అని రాయమన్నాను. సాయంత్రానికి సవరించిన ముసాయిదా వచ్చింది. ఒత్తు సరిచేశారు. వాక్యం మాత్రం ఇలా ఉంది: "పై గదులకు క్రమబద్ధీకరణ చేయించుకోవచ్చు."

రెండవ సభ్యుడు: ఆ 'కో' మీరేనండీ. సంతకం చేయకండి.