స్టూడెంట్ హెల్త్ బిల్లింగ్: నెలాఖరు లెక్క ఎందుకు కలవట్లేదు?

ప్రశ్న:
యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో బిల్లింగ్ చూస్తున్నాను. డబ్బు మూడు వైపుల నుంచి వస్తుంది: ఇన్సూరెన్స్, కౌంటర్లో కార్డు, మిగిలింది విద్యార్థి ఫీజు ఖాతాకి పంపేది. నెలాఖరుకి మా సాఫ్ట్‌వేర్ రిపోర్టుకీ యూనివర్సిటీ లెడ్జర్‌కీ ఎప్పుడూ తేడానే. ఒకటే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు 1:
ముందు తేదీలు చూడండి. మీరు విజిట్ తేదీ మీద రిపోర్టు తీస్తుంటే, లెడ్జర్ పోస్టింగ్ తేదీ (ఖాతాలో లెక్క ఎక్కిన రోజు) మీద నడుస్తుంటే, 31న చూసిన పేషెంట్ ఛార్జీ 3న పోస్టయితే ఆ రెండూ జన్మలో కలవవు.

జవాబు 2:
అసలు తలనొప్పి ఇన్సూరెన్స్ దగ్గరే. బ్యాంకులో ఒకే మొత్తం పడుతుంది, దాని వెనక 835 ఫైల్లో (ఏ క్లెయిముకి ఎంత చెల్లించారో ఇన్సూరెన్స్ వాళ్ళు పంపే ఎలక్ట్రానిక్ వివరం) బోలెడు క్లెయిములు ఉంటాయి. ట్రేస్ నంబరుతో (ఆ చెల్లింపుకిచ్చిన గుర్తింపు సంఖ్య) రెండూ జత చేయండి. అయినా తక్కువొస్తే ఫైలు చివర పీఎల్‌బీ భాగం (ఏ ఒక్క క్లెయిముకీ చెందకుండా మొత్తం మీద చేసే సర్దుబాట్లు) చూడండి, పాత క్లెయిముకి ఎక్కువిచ్చామని ఇన్సూరెన్స్ వాళ్ళు ఇప్పుడు కోసుకున్నది తరచూ అక్కడే ఉంటుంది, క్లెయిముల మొత్తం చూస్తే తెలియదు. కార్డుల్లో కూడా ఫీజు పట్టుకుని మిగతాదే వేసే ప్రాసెసర్లున్నారు, ఆ ఫీజు విడిగా ఖర్చు కింద రాయాలి.

జవాబు 3:
ఫీజు ఖాతాకి పంపేశాక ఇన్సూరెన్స్ ఆలస్యంగా చెల్లిస్తే, ఆ ఛార్జీని అక్కడ రివర్స్ చేస్తున్నారా (అంటే వెనక్కి తీసేస్తున్నారా)? మా దగ్గర తేడాలో పెద్ద వాటా దీనిదే. ఇంకోటి, ఆ ఖాతా బిల్లు తల్లిదండ్రులు కూడా చూస్తుంటారు కాబట్టి ‘హెల్త్ సర్వీస్’ అని మాత్రమే రాయండి, టెస్టు పేరు వద్దు.

ప్రశ్న అడిగినవారు:
రివర్సల్ ఎవరూ చేయట్లేదండీ, ఇప్పుడే కనుక్కున్నా.