అక్టోబర్ లైబ్రరీ స్టాఫ్ డే: శాలువాలు వద్దు, ఇంకేం చేద్దాం?

కోఆర్డినేటర్, ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. అక్టోబర్ రెండో సోమవారం, కొలంబస్ డే నాడు, మన టౌన్‌షిప్ లైబ్రరీ జనానికి మూసేసి స్టాఫ్‌కి ట్రైనింగ్ పెట్టుకుంటోంది. మధ్యాహ్నం రెండు గంటలు మన తెలుగు అసోసియేషన్‌కి ఇస్తామన్నారు డైరెక్టర్ గారు. భోజనం మనది. తర్వాత ఏం చేస్తామన్నది మనిష్టం. స్టాఫ్ మొత్తం 32 మంది.

కమిటీలో ముందుగా వచ్చిన ఐడియా మీకు తెలిసిందే: శాలువాలు, మెమెంటోలు, పిల్లల కూచిపూడి. నాకు మనసొప్పలేదు. డ్యూటీకొచ్చిన మనిషిని గంటన్నర కుర్చీలో కూలేసి మన ఉపన్యాసాలు వినిపిస్తే అది సన్మానమా, శిక్షా? న్యూజెర్సీలో ఇన్నేళ్లుగా మన పిల్లలు ఆ లైబ్రరీలోనే పెరిగారు. అక్కడి స్టాఫ్‌కి పనికొచ్చేది ఏదైనా చేద్దాం. బుధవారానికల్లా ప్లాన్ పంపాలి.

ట్రెజరర్

గిఫ్ట్ కార్డులు మాత్రం వద్దండీ. వాళ్లు టౌన్‌షిప్ ఉద్యోగులు, బహుమతులకి రూల్స్ ఉంటాయి. భోజనానికి 450 డాలర్ల వరకు నేను ఓకే.

డెస్క్‌లో పనిచేసే అక్క

అన్నయ్యా, నేను అక్కడే నాలుగేళ్లుగా పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే సర్క్యులేషన్ డెస్క్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నాను కదా, చూసింది చెప్తాను.

పోయిన చలికాలం ఒక మామ్మగారు వచ్చి తెలుగు పుస్తకం కావాలన్నారు. నేను లంచ్‌లో ఉన్నాను. మా వాళ్లు ఎంతో మర్యాదగా షెల్ఫ్ దాకా తీసుకెళ్లి కన్నడ పుస్తకం చేతిలో పెట్టారు. ఆవిడ మొహమాటపడి ఇంటికి పట్టుకెళ్లి, మూడు వారాలకి తిరిగిచ్చి, "బొమ్మలు బాగున్నాయమ్మా" అన్నారు నాతో. తప్పు ఎవరిదీ కాదు. రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలే, కొత్తవాళ్లకి కవలల్లా కనిపిస్తాయి.

అందుకని నా ఐడియా ఇది. నలభై ఐదు నిమిషాల క్లాసు. తలకట్టు ఒక్కటి చూపిస్తే చాలు, సగం పని అయిపోతుంది. మన 'క' మీద తలకట్టు టిక్ మార్కులా పైకి లేస్తుంది. కన్నడ 'క' మీద అది అడ్డగీతలా పడుకుని చివర వంపు తిరుగుతుంది. అన్ని అక్షరాలకీ తలకట్టు ఉండదు కానీ, అట్ట మీద ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. నాలుగు తెలుగు, నాలుగు కన్నడ పుస్తకాలు కలిపి టేబుల్ మీద పోసి విడదీయమంటే ఆటలా ఉంటుంది.

ఇంకో తలనొప్పి ఇంటిపేర్లు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్లు చివరి మాటే ఇంటిపేరనుకుని సర్దుతారు. ఒకే రచయిత పుస్తకాలు రెండు అరల్లో కూర్చుంటాయి. లోపలి పేజీలో రచన, అనువాదం, సంపాదకులు, నవల, కథలు, ప్రథమ ముద్రణ, వెల... ఇలా ఓ పది మాటలకి అర్థాలు రాసి, ఒక కాగితం లామినేట్ చేసి డెస్క్ దగ్గర పెడదాం.

ఈ చివరిది మనవాళ్లూ నేర్చుకోవాలి. కేటలాగులో తెలుగు పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి లైబ్రరీలకి ఒక పద్ధతి ఉంది. అందులో 'చ'కి సి-హెచ్ ఉండదు, ఒట్టి సి. 'చిన్న' అని మనం సి-హెచ్‌తో కొడితే ఏమీ రాదు. సి-ఐ-ఎన్-ఎన్-ఏ అని కొడితే వస్తుంది. అది తెలియకే "మీ దగ్గర తెలుగు లేవు" అని కోప్పడి వెళ్లిపోయేవాళ్లు నాకు వారానికొకరు తగులుతారు.

పిల్లల సెక్షన్‌లో ఉండే ఆవిడ అడిగింది కూడా రాస్తాను, నవ్వకండి. "మీ పెద్దవాళ్లు తల అటూ ఇటూ ఊపితే అవుననా, కాదనా?" దీనికి ఓ పది నిమిషాలు కేటాయించాల్సిందే.

ఒక తమ్ముడు (కొత్త మెంబర్)

అక్కా, మనమే శనివారాలు వెళ్లి ఆ తెలుగు పుస్తకాలన్నీ కేటలాగ్ చేసిపెడితే సరిపోదా? మా ఆవిడది నా మీద వచ్చిన డిపెండెంట్ వీసా, హెచ్-4. ఉద్యోగానికి కావలసిన పర్మిట్, ఈఏడీ, లేదు, ఇంట్లో ఊరికే ఉంది, ఉత్సాహంగా చేస్తుంది.

డెస్క్‌లో పనిచేసే అక్క

వద్దు తమ్ముడూ. జీతమిచ్చి చేయించే పనిని వాలంటీర్ చేత చేయిస్తే లైబ్రరీకీ చిక్కే, మీ ఆవిడ వీసాకీ చిక్కే. అలాంటివి లాయర్ని అడక్కుండా ఒప్పుకోవద్దు. స్టోరీ టైమ్‌కి రమ్మను, అది అసలైన వాలంటీర్ పని. తనకి ఈ రంగం నచ్చి, రేపు ఈఏడీ వస్తే, లైబ్రరీ అసిస్టెంట్‌గా మొదలుపెట్టొచ్చు. లైబ్రేరియన్ అనిపించుకోవాలంటే మామూలుగా మాస్టర్స్ అడుగుతారు. ఆ రోజు లంచ్‌లో మా రిఫరెన్స్ లైబ్రేరియన్ పక్కన కూర్చోబెడతాను, అన్నీ అడగమను.

పుస్తకాలు దానం చేద్దామని ఎవరైనా అనబోతున్నారేమో, ముందే చెప్తున్నా. పోయినేడాది మనం చెప్పాపెట్టకుండా 14 అట్టపెట్టెలు దింపి వచ్చాం. సగం బేస్‌మెంట్‌లో చెమ్మపట్టినవి. షెల్ఫ్‌కి ఎక్కినవి పదకొండు పుస్తకాలు. మిగతావి మోసి, ఏరి, పారేసింది నాతో పనిచేసేవాళ్లే. ఆ వారం నేను తలెత్తుకుని తిరగలేదు.

కోఆర్డినేటర్

ఆ పెట్టెల్లో మూడు నావే. క్షమించమ్మా.

పెద్దాయన (సీనియర్స్ క్లబ్)

క్లాసు బాగుంది. సేవ సంగతి కూడా చూడండి. 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలవ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. జనం పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే జనం దగ్గరికి పోవాలన్నమాట. ఇక్కడ ఆర్నెల్లకని వచ్చిన మా బోటివాళ్లకి కారు నడపడం రాదు, పగలంతా ఇంట్లో నాలుగు గోడలకేసి చూస్తాం. నెలకోసారి మీలో ఎవరి కారులోనైనా పుస్తకాల సంచీ తిప్పలేరా? చిరునామా రుజువు లేక మాకు కార్డు రాకపోయినా పిల్లల కార్డు మీద తెచ్చుకోవచ్చు.

ఇంకో మాట. న్యూజెర్సీ లైబ్రరీల ఉమ్మడి కేటలాగు జెర్సీక్యాట్‌లో వెతికితే రాష్ట్రంలోని వేరే లైబ్రరీల నుంచి పుస్తకం తెప్పిస్తారు. అక్కడా దొరక్కపోతే వేరే రాష్ట్రాల యూనివర్సిటీల్లో అడిగించండి, పాత తెలుగు పుస్తకాలు అక్కడున్నాయి. అప్పట్లో అమెరికా గోధుమలకి మన దేశం రూపాయల్లో డబ్బు కట్టింది. ఆ రూపాయల్లో కొంత పెట్టి 1962 నుంచి మన పుస్తకాలు కొని ఇక్కడికి పంపారు. మేం రొట్టెలు తిన్నాం, పుస్తకాలు ఓడెక్కాయి!

తమ్ముడు

బాబాయ్ గారూ, కారు నాది, మొదటి శనివారం. తెలుగు పుస్తకాలు తీసుకునేవాళ్ల లిస్టు లైబ్రరీ ఇస్తే రూట్ వేసేస్తా.

డెస్క్‌లో పనిచేసే అక్క

ఆ లిస్టు ఇవ్వరు, అడగనూ కూడదు. ఎవరు ఏం చదువుతున్నారో బయటికి చెప్పకపోవడం మా ఉద్యోగంలో మొదటి పాఠం. కావలసినవాళ్లే మనకి పేరిస్తారు, మన వాట్సాప్ గ్రూపులో పెట్టు.

భోజనాల వదిన

పులిహోర, గారెలు, పెరుగన్నం, ఒక కూర. పులిహోరలో వేరుశనగ వద్దు, జీడిపప్పూ వద్దు, పడనివాళ్లు ఉంటారు. బజార్లో దొరికే ఇంగువలో గోధుమపిండి కలుస్తుంది కాబట్టి గ్లూటెన్ తినకూడని వాళ్లకి విడిగా ఓ గిన్నె ఇంగువ లేకుండా కలుపుతాను. ప్రతి గిన్నెకీ చీటీ అంటించాలి. చేతిరాత బాగున్నవాళ్లు ఒకరు ముందురోజు మా ఇంటికి రండి.

కోఆర్డినేటర్, మంగళవారం

ఇదే పంపేస్తున్నాను. 12కి భోజనం, 12:45కి తెలుగు–కన్నడ క్లాసు, తర్వాత తల ఊపడం మీద పది నిమిషాలు, చివర్లో వాళ్లు అడిగేవాటికి జవాబులు. స్టేజి లేదు, మైక్ లేదు. దీన్ని ట్రైనింగ్ గంటల్లో కలుపుతారో లేదో డైరెక్టర్ గారినే అడిగి, కావాలంటే అటెండెన్స్ సర్టిఫికెట్లు ప్రింట్ చేద్దాం. పుస్తకాల సంచీ నవంబర్ మొదటి శనివారం నుంచి.

ఇంకా దొరకనివి: నాలుగు కన్నడ పుస్తకాలు. మా పక్కింటి మైసూరు ఆంటీని అడిగితే ఇస్తానన్నారు కానీ, "తలకట్టు గురించి చెప్పేది మీరేనా, నేనూ వస్తా" అంటున్నారు. 33వ ప్లేటు లెక్కలో వేసుకో వదినా.