గుర్రమంటే ప్రాణం, ఎక్కితే ఏడుపు: బెంగళూరులో పిల్లల రైడింగ్ క్లాసుల గురించి చర్చ

సర్జాపూర్_సుధ
అందరికీ నమస్కారం. మా పాపకి ఎనిమిదేళ్ళు. గుర్రాల జాతుల పేర్లన్నీ నోటికొచ్చు, బొమ్మ వేస్తే డెక్కలతో సహా సరిగ్గా వేస్తుంది. తనే అడిగి యలహంక వైపు ఒక రైడింగ్ స్కూల్లో చేరింది. ఇప్పుడు క్లాసు ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటోంది. గుర్రాన్ని నిమురుతుంది, క్యారెట్ పెడుతుంది, జీను మీద కూర్చోగానే ఒళ్ళు బిగుసుకుపోతుంది. ట్రాట్ (నడక కంటే వేగమైన చిన్న పరుగు) మొదలైతే ఏడుపే. మానేద్దామా అంటే వద్దంటుంది. ఇచ్చింది రేసుల నుంచి వచ్చిన పెద్ద గుర్రం. పిల్లల క్లాసులు బాగా తెలిసినవాళ్ళు ఏం చూడాలో, ఏం మార్చమని అడగాలో చెప్పండి.

రికాబు
సుధ గారూ, ముందు గుర్రం ఎత్తు అడగండి. ఎత్తు తల దగ్గర కొలవరు, మెడ వచ్చి వీపుని కలిసేచోట, మూపు దగ్గర కొలుస్తారు. లెక్క హ్యాండ్స్‌లో. ఒక హ్యాండ్ 4 అంగుళాలు. పాయింటు తర్వాతది దశాంశం కాదు, అంగుళాలే. 15.2 అంటే 15 హ్యాండ్స్ మీద 2 అంగుళాలు, మొత్తం 62 అంగుళాలు. బెంగళూరులో రేసులు జరుగుతాయి కాబట్టి ఇక్కడి స్కూళ్ళకి రిటైరైన థరోబ్రెడ్లు (రేసు గుర్రాల జాతి) సులువుగా దొరుకుతాయి. అవి ఎక్కువగా 15.2 నుంచి 16.2 మధ్య ఉంటాయి, బరువు 450, 500 కిలోలు. 16 హ్యాండ్స్ గుర్రం మీద కూర్చున్న ఎనిమిదేళ్ళ పిల్ల కళ్ళు నేలకి దాదాపు ఏడడుగుల ఎత్తులో ఉంటాయి. కింద నిలబడ్డ నాన్న నడినెత్తి కనిపిస్తుంది. భయపడకపోతేనే ఆశ్చర్యం.

ఎత్తు కంటే పెద్ద చిక్కు వెడల్పు. అంత పొట్ట చుట్టూ పిల్ల కాళ్ళు చాలవు. మడమ జీను ఫ్లాపు (పక్కకి వేలాడే తోలు) అంచు దాటి కిందికి రాదు, ఎంత నొక్కినా ఆ నొక్కుడు తోలు మీదే పడుతుంది, గుర్రానికి తెలియదు. టీచరు "కిక్, కిక్" అంటారు, పిల్ల కాళ్ళు ఊపుతుంది, గుర్రం కదలదు, తర్వాత ఉన్నట్టుండి కదులుతుంది. "ఇది నా మాట వినదు" అన్న నమ్మకం పిల్లకి పడిపోయేది అక్కడే. 14.2 లోపు వాటిని పోనీలంటారు. మీ పాపకి 12 నుంచి 13 మధ్య సరిపోతుంది. అది లేకపోతే 14 చుట్టూ ఉన్న, వయసు మళ్ళిన నెమ్మది గుర్రం.

పోనీలతో ఇంకో ఇబ్బంది ఉంది. గడ్డి కనపడితే ఠక్కున తల దించుతాయి. పగ్గాలు గట్టిగా పట్టుకున్న పిల్ల వాటితోపాటే మెడ మీదికి జారుతుంది. జీను నుంచి కళ్ళేనికి కట్టే గ్రాస్ రెయిన్ అనే పట్టీ ఉంటే అంత కిందికి తల దించలేవు. కట్టమని అడగండి.

తంగు_బిగించారా
పైన చెప్పింది నిజం. గుర్రం మార్చినా భయం వెంటనే పోదు, ఎందుకంటే భయపడ్డ పిల్ల ఒళ్ళే గుర్రాన్ని పరిగెత్తిస్తుంది. ఇది చాలామంది తల్లిదండ్రులకి ఎవరూ చెప్పరు, అందుకే విడమరిచి రాస్తున్నా.

భయం వేయగానే మోకాళ్ళు జీనుని బిగించి పట్టుకుంటాయి. మోకాలు బిగిస్తే మడమ పైకి లేస్తుంది. లేచిన మడమ పొట్టకి తగులుతుంది. గుర్రానికి అది "పద" అన్న సైగ. అది వేగం పెంచుతుంది. పిల్ల ముందుకి వంగి పగ్గాలు లాగుతుంది. కాళ్ళు పొమ్మంటున్నాయి, చేతులు ఆగమంటున్నాయి. పైగా రేసుల్లో పెరిగిన గుర్రానికి బిగిసిన పగ్గం మీద నోరు ఆనించి ఇంకా సాగే అలవాటు ఉంటుంది. పిల్ల ఎంత లాగితే అది అంత సాగుతుంది. ఇందులో గుర్రం పొగరూ లేదు, పిల్ల పిరికితనమూ లేదు.

దీన్ని ఆపడానికి మూడు పనులు చేయించండి.

పాత రికాబు (జీనుకి వేలాడే, పాదం పెట్టే ఇనుప చట్రం) పట్టీ ఒకటి గుర్రం మెడ చుట్టూ కట్టమనండి. నెక్ స్ట్రాప్ అంటారు. భయమేస్తే పట్టుకోవాల్సింది దాన్ని, పగ్గాలని కాదు. గుర్రం నోరు నొప్పెట్టదు, పిల్లకి గట్టి ఆసరా దొరుకుతుంది.

రెండోది, పొడుగు తాడు క్లాసు. టీచరు నడిమధ్య నిలబడి 7, 8 మీటర్ల తాడుతో గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతారు. వేగం, దారి రెండూ టీచరు చేతిలో ఉంటాయి. పిల్ల పగ్గాలు వదిలేసి చేతులు చాపడం, భుజాలు తిప్పడం, గుర్రం మెడ నిమరడం చెయ్యొచ్చు. ఇలా 20 నిమిషాలు చాలు. గుంపు క్లాసులో 45 నిమిషాలు బిగుసుకుని కూర్చోవడం కంటే ఎంతో మేలు.

మూడోది, ఆపడం. చాలాచోట్ల ముందు కదిలించడం నేర్పిస్తారు. ఆపడం రాని పిల్లని ముందుకి పంపితే భయం కాక ఏమొస్తుంది? నడకలో ఉన్నప్పుడు నిటారుగా కూర్చుని, ఊపిరి మొత్తం వదిలి, పగ్గాల మీద వేళ్ళు మూసి, గుర్రం నెమ్మదించిన క్షణంలోనే వేళ్ళు వదలాలి. ఆ వదలడమే గుర్రానికి "సరిగ్గా చేశావు" అన్న మాట. పట్టుకునే ఉంటే మళ్ళీ ఆగదు. పది అడుగులు నడక, ఆగు. మళ్ళీ పది అడుగులు, ఆగు. పిల్ల తన చేత్తో ఆపగలిగాకే ట్రాట్.

అన్నట్టు, భయపడ్డ పిల్లలు ఊపిరి బిగబడతారు, వాళ్ళకే తెలియదు. "గాలి పీల్చు" అంటే కుదరదు. రెండో ఎక్కం గట్టిగా చెప్పమనండి. మాట్లాడాలంటే ఊపిరి వదలక తప్పదు.

సర్జాపూర్_సుధ
మోకాలు, మడమ సంగతి అచ్చం అదే. ట్రాట్‌లో మరీ ఎగిరెగిరి పడుతోంది. అది మామూలేనా?

తంగు_బిగించారా
మామూలేనండీ. నడకలో నాలుగు కాళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి పడతాయి, గుర్రం గాల్లోకి లేవదు. ట్రాట్‌లో ఎడమ ముందుకాలు, కుడి వెనక కాలు కలిసి పడతాయి, తర్వాత తక్కిన జంట. రెండిటి నడుమ ఒక్క క్షణం నాలుగూ గాల్లోనే. అందుకే ఆ కుదుపు. అందులో ఊరికే కూర్చోవడం పెద్దవాళ్ళకే కష్టం. ఒక కుదుపుకి లేచి, తర్వాతి కుదుపుకి కూర్చునే రైజింగ్ ట్రాట్ నేర్పాలి. ముందు గుర్రం కదలకుండా ఉన్నప్పుడు పది సార్లు లే, కూర్చో. తర్వాత నడకలో. ఆ తర్వాత ట్రాట్‌లో పదీ పన్నెండు అడుగులు మాత్రమే, వెంటనే నడక. పిల్ల బ్యాలెన్సు పోయేలోపు ఆపాలి. ఒక చుట్టు పూర్తి చేయించాలని పట్టుబడితే సగం నుంచి పిల్ల వేలాడుతూ ఉంటుంది, ఆమెకి గుర్తుండేది అదే.

కోరమంగళ_వెంకట్
సామాన్ల గురించి. సగం భయం సరిపడని హెల్మెట్ వల్లే వస్తుంది.

సైకిల్ హెల్మెట్ పనికిరాదు. లోపల ఏఎస్‌టీఎం ఎఫ్1163 లేదా వీజీ1 అని భద్రతా ప్రమాణం ముద్ర ఉన్న రైడింగ్ హెల్మెట్ కావాలి. అంచు కనుబొమలకి ఒక అంగుళం పైన ఉండాలి. గడ్డం పట్టీ పెట్టకుండా తల అటూ ఇటూ ఊపమనండి. హెల్మెట్ జారితే సైజు పెద్దది. స్కూల్లో అద్దెకిచ్చేవి లోపలి మెత్త అరిగిపోయి ట్రాట్ మొదలవగానే కళ్ళ మీదికి వస్తాయి. దారి కనపడని పిల్లకి ధైర్యం ఎలా వస్తుంది? జడ మెడ దగ్గర కిందికి వేయండి. పైన పోనీటైల్ కట్టినా, నడినెత్తిన క్లిప్పు పెట్టినా హెల్మెట్ ముందుకి వాలుతుంది. ఒక్కసారి గట్టిగా నేలకి తగిలితే ఆ హెల్మెట్ ఇక వాడకూడదు, పైకి పగులు కనపడకపోయినా సరే.

బూటుకి ఒక అంగుళం దాకా మడమ, నున్నటి అడుగు ఉండాలి. స్పోర్ట్స్ షూకి మడమ ఉండదు, పాదం రికాబులోంచి అవతలికి దూరిపోతుంది. పడ్డప్పుడు కాలు ఇరుక్కుంటే గుర్రం ఈడ్చుకుపోతుంది. అన్నిటికంటే ప్రమాదం అదే. పక్కన రబ్బరు బ్యాండు ఉండే సేఫ్టీ రికాబులు అడగండి. బరువు పడితే బ్యాండు ఊడిపోయి కాలు బయటికొస్తుంది. లేకపోతే కనీసం పాదం చుట్టూ కాస్త ఖాళీ వదిలే సైజు రికాబు ఉండాలి.

రికాబు పొడవు ఎక్కేముందే చూసుకోవచ్చు. పాప వేలి కొసలు జీను మీద రికాబు పట్టీ తగిలించే కొక్కెం దగ్గర పెట్టి చెయ్యి చాపితే, రికాబు చంకలోకి రావాలి. పొడుగైతే కాలి వేళ్ళతో వెతుక్కుంటూ ఉంటుంది. రెండు పక్కలా చిల్లులు లెక్కపెట్టండి. ఒకటి కిందికి ఉంటే పిల్ల ఒక పక్కకి వాలుతుంది, "సరిగ్గా కూర్చో" అని తిట్లు తనకే.

గుర్రం పొట్ట కింద కట్టే తంగు మరీ ముఖ్యం. బిగించేటప్పుడు కొన్ని గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి. అయిదు నిమిషాలు నడిచాక వదులవుతుంది. ఎక్కేముందు ఒకసారి, నడిచాక మళ్ళీ ఒకసారి బిగించాలి. రెండు వేళ్ళు పట్టేంత సందు చాలు. ఈ రెండోసారి బిగించడం మర్చిపోతే జీను పక్కకి తిరుగుతుంది.

జీన్స్ వద్దు, లోపలి కుట్టు తొడలు ఒరిపిస్తుంది. గుర్రపు శాల మట్టిలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి కాబట్టి టీకా కార్డు ఒకసారి చూసుకోండి.

హొసకోటె_నాగు
ఇవన్నీ మంచివే. కానీ పిల్ల ఏడ్చిందని దించేస్తే రేపటి నుంచి ఏడుపే ఆయుధమవుతుంది. పడినా సరే వెంటనే మళ్ళీ ఎక్కించాలి. పాత సైసులంతా (గుర్రాలని చూసుకునేవాళ్ళు) ఇదే చెప్తారు. నా మాట కూడా అదే.

శాల_పని
నాగు గారూ, పడ్డ పిల్లని వెంటనే ఎక్కించడం తప్పు, ఇందులో రాజీ లేదు. తలకి దెబ్బ తగిలిందేమోనని ముందు చూడాలి. తలనొప్పి, వాంతి, మత్తు, అడిగింది మళ్ళీ మళ్ళీ అడగడం, వెలుతురు చూడలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా ఆసుపత్రికి. తలకి దెబ్బ అనుమానం ఉంటే ఆ రోజు మళ్ళీ గుర్రం లేదు.

పడకుండా ఊరికే భయపడ్డ పిల్ల సంగతి వేరు. అక్కడ మీ మాటలో కొంత నిజం ఉంది. భయం శిఖరాన ఉండగా దించితే "దిగితేనే క్షేమం" అని మనసులో నాటుకుంటుంది. కాబట్టి గుర్రాన్ని ఆపి, పట్టుకుని, ఊపిరి కుదుటపడేదాకా ఆగి, తనకి వచ్చిన చిన్న పని ఒకటి చేయించి, నాలుగడుగులు నడిపించి ఆపించి, అప్పుడు దించండి. దిగడం కూడా నేర్పాల్సిన పనే. రెండు పాదాలూ రికాబుల్లోంచి తీసి, ముందుకి వంగి, కుడికాలు వెనక నుంచి తిప్పి, పొట్ట జీనుకి ఆనించి జారాలి, మోకాళ్ళు వంచి నేల మీద దిగాలి. ఎప్పుడంటే అప్పుడు దిగగలనని తెలిసిన పిల్ల ఎక్కడానికి అంత భయపడదు.

సుధ గారూ, మీ పాపకి కింద ఉన్నప్పుడు గుర్రం అంటే భయం లేదన్నారు. అదే పట్టుకోండి. ప్రతి క్లాసుకీ ముందు 20 నిమిషాలు శాలలో పని అడగండి. గుర్రానికి సరిగ్గా ముక్కు ముందూ, తోక వెనకా కనపడదు, మిగతా చుట్టూ దాదాపు అంతా కనపడుతుంది. అందుకని పేరు పిలుస్తూ ఎడమ భుజం వైపు నుంచి వెళ్ళాలి. కర్రీ కోంబ్ అనే రబ్బరు పళ్ళ దువ్వెనతో మెడ నుంచి వెనక్కి గుండ్రంగా రుద్దితే మట్టి, రాలిన వెంట్రుకలు పైకొస్తాయి. తర్వాత గట్టి బ్రష్‌తో వెంట్రుకలు వాలిన వైపే దులపాలి. డెక్కలో మట్టి హుఫ్ పిక్ అనే కొక్కెంతో మడమ నుంచి డెక్క ముందు కొస వైపు తియ్యాలి. మధ్యలో వి ఆకారంలో ఉండే మెత్తటి భాగాన్ని గుచ్చకూడదు. డెక్క ఎత్తే పని సైసు చేస్తే, పిల్ల తీస్తే చాలు. తాడు పట్టి నడిపేటప్పుడు దాన్ని చేతికి చుట్టుకోకూడదు, మడిచి పట్టుకోవాలి. క్యారెట్ నిలువుగా చీల్చి అరచేతిలో పెట్టాలి, వేళ్ళు చాచి, బొటనవేలు పక్కకి ఆనించి. గుండ్రంగా కోసిన ముక్క గొంతుకి అడ్డం పడొచ్చు.

చెవులు చదవడం నేర్పండి. ముందుకి నిక్కితే ఏదో గమనిస్తోంది. ఒకటి వెనక్కి తిరిగితే మీ మాట వింటోంది. రెండూ మెడకి అంటుకుపోతే కోపం, దూరం జరగాలి. జీను మీద కూర్చున్న పిల్లకి ఎదురుగా కనిపించేవి ఆ రెండు చెవులే కదా. పొర్రుమని ముక్కు చీదడం, కాలు నేలకేసి కొట్టడం చూసి పిల్లలు బెదురుతారు. చాలాసార్లు మొదటిది దుమ్ము, రెండోది ఈగలు. వానాకాలంలో ఈగలు ఎక్కువ, గుర్రాలు తల విదిలిస్తూనే ఉంటాయి. ముందే చెప్పి ఉంచండి.

రికాబు
వేళ గురించి ఒక మాట. డిసెంబరు, జనవరి పొద్దుటి చలిలో గుర్రాలు హుషారుగా ఉంటాయి. స్కూలుకి వారంలో ఒక సెలవు ఉంటే దాని మర్నాడు మొదటి క్లాసులోనూ అంతే, ఒక రోజంతా శాలలో నిలబడి ఉంటాయి కదా. భయపడే పిల్లకి ఆ రెండూ వద్దు. ముందు ఒక క్లాసు చేసి వచ్చిన గుర్రం అడగండి. దీపావళి వారం మానెయ్యండి. గుంపు క్లాసైతే ముందు గుర్రానికీ తన గుర్రానికీ మధ్య ఒక గుర్రం పొడవు ఖాళీ ఉంచాలి. దగ్గరగా వెళ్తే ముందుది తన్నొచ్చు.

ఇంకోటి. "ఆరు నెలల్లో జంపింగ్" అనే ఆశ పెట్టే చోటికి వెళ్ళకండి. ఈ ఊరి ఫవాద్ మిర్జా 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఈవెంటింగులో (దూకడం కూడా ఉండే గుర్రపు పోటీ) వ్యక్తిగత వెండి పతకం తెచ్చాక, పిల్లలు దూకాలనే తొందర తల్లిదండ్రులకి పెరిగింది. దూకడమే రైడింగ్ కాదు. 2023 హాంగ్‌జౌలో మనకి జట్టు బంగారం వచ్చింది డ్రెసాజ్‌లో, అందులో ఒక్కసారి కూడా దూకరు. నడక, ట్రాట్, క్యాంటర్ (ట్రాట్ కంటే వేగమైన పరుగు) ఎంత శుభ్రంగా చేయించారన్నదే లెక్క.

సర్జాపూర్_సుధ
చాలా థాంక్స్ అండీ. కంచె దగ్గర నేను నిలబడాలా, కనపడకుండా ఉండాలా? ఇక్కడ పోనీ లేదంటే వేరే చోట ఏమేం అడగాలి?

శాల_పని
కనపడేలా కూర్చోండి, మాట్లాడకండి. మీరు తెలుగులో, టీచరు ఇంగ్లీషులో, సైసు హిందీలో ఒకేసారి చెప్తే పిల్ల ఎవరి మాట వినాలి? ఫోన్లో వీడియో కూడా వద్దు. "భయమేసిందా?" అని అడగకండి, "ఇవాళ దాని చెవులు ఎటున్నాయి?" అని అడగండి.

కొత్త చోట చేరేముందు ఒక పిల్లల క్లాసు మొత్తం చూడండి. మొదటిసారి వచ్చిన పిల్లకి సైసు తాడు పట్టుకుంటాడా, ఒక టీచరుకి ఎంతమంది పిల్లలు, తంగు రెండోసారి బిగిస్తున్నారా, గుర్రం వీపు మీద, నోటి మూలల్లో పుళ్ళున్నాయా చూడండి. పుండున్న గుర్రం నొప్పితో విదిలిస్తుంది, పిల్ల పడుతుంది. పొడుగు తాడు క్లాసు విడిగా ఇస్తారా, ఎక్కకుండా శాల పని మాత్రమే నేర్చుకునే వీలుందా అడగండి. కొంతకాలం మీ పాపకి అదే చాలు కావచ్చు. నెల ప్యాకేజీ ముందే కట్టకండి. డబ్బు కట్టేశామన్న ఒత్తిడి మీ మీద ఉంటే అది పిల్ల మీదికి వెళ్తుంది. క్లాసు క్లాసుకీ విడిగా తీసుకునే చోటు దొరికితే కాస్త దూరమైనా అక్కడికే వెళ్ళండి.