మూడో తరగతి పిల్లలు ఒత్తుల దగ్గర ఆగిపోతున్నారు: ఏ వరుసలో నేర్పాలి?

ప్రశ్న – దేవరకొండ ప్రాంత ఉపాధ్యాయిని

మా ప్రాథమిక పాఠశాలకు వచ్చేవారిలో చుట్టుపక్కల తండాల పిల్లలే ఎక్కువ. మూడో తరగతిలో చాలామంది అక్షరాలు, గుణింతాలు తడుముకోకుండా చదువుతున్నారు గాని, ఒత్తు కనబడగానే ఆగిపోతున్నారు. నిన్న ఒక పాప ‘చెట్లు’ అనే మాట కింద వేలు పెట్టి ‘చె... టు... ల’ అని చదివి, అదేమిటో తెలియక నా ముఖంలోకి చూసింది. మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థంతో చదవాలన్నది కేంద్ర ప్రభుత్వ చదువు–లెక్కల కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం. ఆ వేగం కోసం తొందరపెడితే పిల్లలు పాఠాన్ని బట్టీపట్టి, పుస్తకం చూడకుండానే అప్పజెబుతున్నారు. ఈ దశ దాటించిన వారు తమ పద్ధతి చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు – మహబూబ్‌నగర్ ఉపాధ్యాయుడు

మేడమ్, ఆ పాప కంటికి కనిపించిన వరుసలోనే చదివింది. ‘చెట్లు’లో కొమ్ము ట మీద ఉంటుంది గాని, దాని ధ్వని కిందనున్న ల తర్వాతే పలుకుతుంది. ఈ చిక్కును మనం విడమరచి చెప్పకపోతే, గుణింతాలు బాగా వచ్చిన పిల్లలే ఎక్కువగా తడబడతారు. అందువల్ల నేను ముందు పలక పక్కన పెట్టించి, ‘చెట్–లు’ అని చప్పట్లతో విరిచి పలికిస్తాను. చెవికి అందిన తర్వాతే బోర్డు మీద రాస్తాను.

వరుస విషయానికి వస్తే, ద్విత్వాలతో మొదలుపెట్టడం మేలు. అక్క, గడ్డి, బుట్ట, అవ్వ వంటి మాటల్లో ఒత్తు తన అక్షరాన్నే పోలి ఉంటుంది కనుక పిల్లలు తామే పోల్చుకుంటారు. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అసలు అక్షరాలను పోలవు. వాటిని అత్త, అన్న, అమ్మ, కొయ్య, బర్రె, పిల్ల అనే మాటలతో ఒక్కొక్కటిగా, తొందర లేకుండా నేర్పాలి. అవి కుదిరాకే చెట్లు, పుస్తకం. ‘వస్త్రం’ లాంటివి చిట్టచివరకు.

బట్టీ సంగతి తేల్చుకోవడానికి పాఠంలోని మాటలతోనే కొత్త వాక్యాలు రాసి చదివించండి.

జవాబు – అచ్చంపేట ఉపాధ్యాయిని

పై సార్ చెప్పిన వరుస సరైనదే గాని, తండా పిల్లల విషయంలో మరొకటి చూడాలి. ఇంట్లో లంబాడీ మాట్లాడే బిడ్డ తెలుగు మాటను ఎంత సరిగ్గా కూడబలుక్కున్నా, ఆ మాట ముందే విని ఉండకపోతే అర్థం అందదు. నేను పాఠంలోని కొత్త మాటలను ముందురోజే మాటల్లో, ఆటల్లో వాడిస్తాను. వారి ‘యాడి’ (అమ్మ), ‘పాణి’ (నీళ్లు) కూడా తెలుగు అక్షరాల్లో బోర్డు మీద రాస్తాను. తమ ఇంటి మాట బోర్డు మీద కనిపించిన రోజున, ఎన్నడూ నోరు విప్పని పిల్లలు సైతం చదవడానికి పోటీపడతారు. పెద్దల వెంట వలసపోయి నడుమ తిరిగొచ్చే పిల్లలను మళ్లీ బడికి అలవాటు చేయడానికి కూడా నాకు ఇదే దారి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. పుస్తకంలో ‘ఇళ్లు’ అని ఉంటే కొందరు ‘ఇండ్లు’ అని చదువుతున్నారు. తొలిమెట్టు (మన రాష్ట్రంలో చిన్న తరగతుల చదువు–లెక్కల కార్యక్రమం) మదింపులో దీన్ని తప్పుగా లెక్కించాలా?

జవాబు – నల్లగొండ, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

అమ్మా, ఆ బిడ్డ అర్థం గ్రహించి తన మాటలో పలికాడు. నా దృష్టిలో అది చదువు వస్తున్నదనడానికి గుర్తు. నేనైతే తప్పుగా లెక్కించను. పుస్తకంలోని రూపాన్ని తర్వాత వేలుపెట్టి చూపించి, రెండూ ఒకటేనని చెబితే చాలు. ‘ఇలులు’ అని చదివి ముందుకు పోయే పిల్లవాడి దగ్గరే ఆగి కూర్చోవాలి. మా బడిలో చదివిన ఒక పిల్లవాడు పట్టాదారు పాసుబుక్కులో తాత పేరు, ఊరి పేరు ఒత్తులతో సహా చదివి వినిపించాడని ఆ తాత స్వయంగా బడికి వచ్చి చెప్పి వెళ్లాడు. ఆ పిల్లవాడు కూడా మొదట్లో ‘ఇండ్లు’ అనే చదివేవాడు.