వరదల సమయానికి ఇంట్లో ఎలాంటి రేడియో ఉంచుకోవాలి?

ప్రశ్న (తిరుపతి, ఎం.ఆర్.పల్లి నుంచి ఒక సభ్యురాలు)

గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. 2021 నవంబరు వరదల్లో మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచి, కరెంటు పోయి, ఫోన్లలో చార్జింగ్ అయిపోయాక బయట ఏం జరుగుతోందో తెలియక చాలా ఆందోళన పడ్డాము. తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు లీకేజీ ఏర్పడిందన్న వార్త వచ్చినప్పుడైతే, తలా ఒక మాట చెబుతుంటే ఎవరిని నమ్మాలో అర్థం కాలేదు. ఈసారి వానల కాలానికి ముందే ఒక రేడియో కొని పెట్టుకోవాలని అనుకుంటున్నాము. చేత్తో తిప్పే హ్యాండిల్, సోలార్ పలక, టార్చిలైటు, ‘వెదర్ బ్యాండ్’ అన్నీ ఉన్న ఎమర్జెన్సీ రేడియోలు ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నాయి. అవి మనకు పనికివస్తాయా? పగలు ఇంట్లో మా అత్తగారు ఒక్కరే ఉంటారు కాబట్టి, ఆమె కూడా సులువుగా పెట్టుకోగలిగేది కావాలి.

సమాధానం (చిత్తూరు నుంచి, రేడియోలు బాగుచేసే సభ్యుడు)

అమ్మా, ముందుగా వెదర్ బ్యాండ్ సంగతి చెబుతాను, ఎందుకంటే చాలామంది దాన్ని చూసే ఎక్కువ డబ్బు పెడుతున్నారు. అది 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య అమెరికా, కెనడా దేశాల్లో వాతావరణ హెచ్చరికల కోసం నడిచే ప్రసారం. మన దేశంలో అటువంటి ప్రసారం లేదు కాబట్టి, ఇక్కడ ఆ మీట నొక్కితే గరగర తప్ప ఏమీ వినిపించదు.

మనకు కావలసినవి రెండే: ఎఫ్‌ఎం, మీడియం వేవ్ (సెట్టు మీద MW లేదా AM అని ఉండేది). ప్రైవేటు ఎఫ్‌ఎం కేంద్రాలకు సొంతంగా వార్తలు తయారుచేసి ప్రసారం చేసే అనుమతి లేదు. అందువల్ల ఆపద సమయంలో మీరు వెతకవలసింది ఆకాశవాణినే. తిరుపతి ఆకాశవాణి ఎఫ్‌ఎంలో ఊళ్లో స్పష్టంగా వినిపిస్తుంది. కానీ ఎఫ్‌ఎం తరంగాలు దాదాపు మన చూపులాగే నేరుగా పోతాయి. మధ్యలో కొండ అడ్డం వస్తే ఆవలి పల్లెల్లో సన్నగిల్లిపోతాయి. మీడియం వేవ్ అలా కాదు, నేలను అంటిపెట్టుకుని చాలా దూరం వస్తుంది. దగ్గరి ప్రసారకేంద్రం ఏ కారణం చేతనైనా ఆగిపోయినా, దూరం కేంద్రం పట్టుకోవచ్చు. కడప 900 కిలోహెర్ట్జ్, విజయవాడ 837, చెన్నై 720 గుర్తు పెట్టుకోండి. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టి చెన్నై వైపు వస్తున్నప్పుడు, తమిళం అర్థమయ్యేవారికి చెన్నై కేంద్రం ఎంతో ఉపయోగపడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అంకెలు కనిపించే డిజిటల్ సెట్టు కొంటే, మీడియం వేవ్‌లో అది 9 కిలోహెర్ట్జ్ చొప్పున జరుగుతుందో లేదో చూసుకోండి. మన దేశంలో కేంద్రాల అమరిక 9 చొప్పునే ఉంటుంది. అమెరికా కోసం చేసిన సెట్లు 10 చొప్పున జరుగుతాయి. వాటిలో 830 తర్వాత 840 వస్తుంది కానీ విజయవాడ 837 సరిగ్గా కుదరదు. కొన్ని సెట్లలో దీన్ని మార్చుకునే వీలుంటుంది. మీ అత్తగారి కోసమైతే ముల్లు జరిగే పాతకాలపు డయల్ ఉన్న సెట్టే మేలని నా అభిప్రాయం. కేంద్రం దొరికిన చోట డయల్ అద్దం మీద ఒక స్టిక్కర్ బొట్టు అంటించండి: ఎఫ్‌ఎంకు ఎర్రది, మీడియం వేవ్‌కు ఆకుపచ్చది. చీకట్లో టార్చి వెలుగులో ముల్లును బొట్టు దగ్గరికి తెస్తే చాలు.

హ్యాండిల్, సోలార్ పలకల విషయానికి వస్తే, అవి ఉండటం తప్పు కాదు కానీ వాటినే నమ్ముకోకూడదు. తుపాను మబ్బుల్లో అంత చిన్న పలకకు ఎండ దొరకదు. ఒక నిమిషం హ్యాండిల్ తిప్పితే కొద్ది నిమిషాలు వార్తలు వినవచ్చు, అంతే. దానితో ఫోను చార్జి చేద్దామంటే చేతులు పడిపోతాయి. పైగా లోపలి చార్జింగ్ బ్యాటరీని నెలల తరబడి పట్టించుకోకపోతే పాడవుతుంది. బజారులో ఏ అంగట్లోనైనా దొరికే మామూలు సెల్లులతో నడిచే రేడియోనే ఆపద వేళ నమ్మకమైనది.

మరో సందేహం (అదే సభ్యురాలు)

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. మా అబ్బాయి మాత్రం ఫోనులోనే రేడియో యాప్ ఉందిగా, వేరే సెట్టు ఎందుకని అడుగుతున్నాడు. దానికి ఏం చెప్పాలి?

సమాధానం (తిరుపతి నుంచి, ఎలక్ట్రానిక్స్ చదువుతున్న సభ్యుడు)

అక్కా, యాప్‌లో వచ్చేది ఇంటర్నెట్ ద్వారా వచ్చే రేడియో. సెల్ టవర్లకు కరెంటు పోతే వాటి బ్యాటరీలు, జనరేటర్లు నడిచినంతసేపే నెట్‌వర్క్ ఉంటుంది. ఆ తర్వాత యాప్ కూడా మూగబోతుంది. ఇంటర్నెట్ లేకుండా పనిచేసే అసలైన ఎఫ్‌ఎం కొన్ని ఫోన్లలోనే ఉంటుంది, దానికి ఇయర్‌ఫోన్ తీగ తగిలించాలి, ఆ తీగే ఏరియల్‌గా పనిచేస్తుంది. విపత్తుల్లో ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఫోన్లలో ఎఫ్‌ఎం సదుపాయాన్ని ఆపివేయకూడదని 2023లో కేంద్ర ప్రభుత్వం తయారీదారులకు సూచించింది కూడా. మీ ఫోనులో ఉంటే మంచిదే, కానీ అది రెండో ఆసరాగానే ఉండాలి. ఫోను చార్జింగ్‌ను 112, 1070 అత్యవసర సహాయ నంబర్లకు మాట్లాడటానికి మిగుల్చుకోవాలి కదా. అలాగే ఫోను సెట్టింగుల్లో అత్యవసర హెచ్చరికలను ఆపివేయకండి; నెట్‌వర్క్ ఉన్నంతవరకు అవే అన్నిటికన్నా ముందు వస్తాయి.

మధ్యలో ఒక ప్రశ్న (పుత్తూరు నుంచి)

రేడియో బదులు వాకీటాకీలు కొనుక్కుంటే మనం కూడా మాట్లాడవచ్చు కదా?

సమాధానం (చిత్తూరు)

వినే రేడియోకు లైసెన్సు అక్కరలేదు. మాట్లాడే సెట్ల సంగతి వేరు; తక్కువ శక్తితో అనుమతించిన కొన్ని రకాలు తప్ప, మిగిలినవి లైసెన్సు లేకుండా వాడటం నేరం. ఆసక్తి ఉంటే హ్యామ్ రేడియో (అభిరుచితో లైసెన్సు తీసుకుని ఇతరులతో మాట్లాడే రేడియో) పరీక్ష రాయండి, 12 ఏళ్లు నిండినవారెవరైనా రాయవచ్చు. అది చాలా మంచి సేవ, కానీ ఈ నవంబరుకు హెచ్చరికలు వినాలన్న అవసరానికి అది జవాబు కాదు.

తాజా సమాచారం (ఎం.ఆర్.పల్లి సభ్యురాలు)

మీరు చెప్పినట్టే ముల్లు డయల్ ఉన్న మామూలు సెట్టు తెచ్చాము. ఎఫ్‌ఎం బాగా వస్తోంది. కడప మాత్రం హాల్లో పెడితే ఒకటే రొద, వరండాలో పెడితే వినిపిస్తోంది. సెట్టులో లోపమా?

సమాధానం (చిత్తూరు)

లోపం కాదమ్మా. హాల్లో ఇన్వర్టరు, ఎల్ఈడీ బల్బులు, టీవీ పెట్టె ఉండి ఉంటాయి. ఆ రొద వాటిదే. ఇన్వర్టరుకు దూరంగా కిటికీ దగ్గర పెట్టండి. మీడియం వేవ్ ఏరియల్ పైకి లాగే కడ్డీ కాదు, సెట్టు లోపల అడ్డంగా ఉండే ఫెర్రైట్ కడ్డీ (తీగ చుట్టిన నల్లటి కడ్డీ). అందుకే పైకి లాగే కడ్డీని పొడిగించినా లాభం ఉండదు, సెట్టునే నిదానంగా పక్కకు తిప్పుతూ పోతే ఒక దిశలో మాట తేటపడుతుంది. ఆ దిశను ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి పరీక్షించండి, ఎందుకంటే రాత్రిపూట దూరపు కేంద్రాలు కూడా వచ్చి ఒకదానిమీద ఒకటి పడతాయి.

పరీక్ష అయ్యాక సెల్లులు సెట్టులోనే వదిలేయకండి. అవి కారితే లోపలి స్ప్రింగులకు తుప్పు పట్టి, అవసరమైన రోజున సెట్టు మూగదవుతుంది. సెల్లులు తీసి, రేడియోతో పాటే గాలి చొరబడని ప్లాస్టిక్ కవరులో వేసి, నీళ్లు అందని ఎత్తులో, మీ అత్తగారి చేతికి అందే అలమారు అరలో పెట్టండి. సెల్లులు ఎటువైపు వేయాలో ఆమె చేత ఒకసారి వేయించి చూడండి. అక్టోబరు మొదట్లో కొత్త సెల్లులు కొని, పాతవాటిని గోడ గడియారానికి వాడుకోండి.