పిల్లలతో కయాక్ యాత్ర: పున్నమి ఘాట్ చాలా, నాగాయలంక దాకా వెళ్లాలా?

భవానీపురం సోషల్ మాస్టారు:
నమస్కారమండి. హైస్కూల్లో సోషల్ చెప్తాను. పోయిన నెల తొమ్మిదో తరగతి పిల్లల్ని మా విజయవాడ పున్నమి ఘాట్‌కి తీసుకెళ్లి, "కృష్ణ ఎటు పారుతోంది?" అని అడిగాను. సగం మంది ఎగువనున్న ఇబ్రహీంపట్నం వైపు చెయ్యి చూపించారు. వాళ్ల తప్పేం లేదు. ప్రకాశం బ్యారేజీ గేట్లు దించి ఉన్నాయి, నీళ్లు చెరువులా నిలబడ్డాయి, పైగా గాలికి అలలు ఎగువకే పోతున్నాయి. మహాబలేశ్వర్ నుంచి పటంలో తప్పు లేకుండా గీత గీసే పిల్లలకి ఊళ్లో నది ఎటు పోతోందో తెలియకపోతే నాకు చాలా బాధేసింది.

డిసెంబరులో పన్నెండు మందిని రెండు రోజులు కయాక్‌ల మీద తిప్పాలని ఉంది. ఘాట్ దగ్గర భవానీ ద్వీపం చుట్టూ తిరిగితే చాలంటారా? కింద సముద్రం దగ్గరున్న నాగాయలంక దాకా వెళ్లాలా? తల్లిదండ్రులకి ఏం చెప్పాలి?

కొరిటెపాడు కుర్రాడు:
మాస్టారూ, నాగాయలంకే వెళ్లండి. డిగ్రీ రెండో ఏడాదిలో ఎనిమిది మందిమి నాలుగు కయాక్‌లలో వెళ్లాం. గుంటూరులో పెరిగినవాణ్ని, నదంటే పుష్కర స్నానమే తెలుసు. తెడ్డు వేయడం గంటలో వచ్చేసింది. పొద్దున్నే రేవు నుంచి దిగువకి బయల్దేరితే పడవలు జోరుగా సాగాయి. మా బలమే అనుకున్నాం. పదకొండయ్యేసరికి ఒడ్డున ఒంటి తాడిచెట్టు ఒకటి మా పక్కనే ఉండిపోయింది. తెడ్లు వేస్తూనే ఉన్నాం, చెమటలు కారుతున్నాయి, చెట్టు మాత్రం వెనక్కి పోవడం లేదు. మాతో వచ్చిన పెద్దాయన, అక్కడ వలలు వేసే మనిషి, "తెడ్లు తియ్యండి బాబూ, పోటు ఎక్కుతోంది" అన్నాడు. దాదాపు ఆరు గంటలు పోటు, ఆరు గంటలు ఆటు. అక్కడ నది రోజూ వెనక్కి కూడా పారుతుంది.

పోటు తగ్గేదాకా మడ చెట్ల నీడకి చేరాం. ఆయన ఒక ఆకు తుంచి నాలిక్కి రాసుకోమన్నాడు. ఉప్పు! వేళ్లతో తీసుకున్న ఉప్పుని ఆ చెట్టు ఆకుల మీదుగా బయటికి పంపేస్తుంది. కింద బురదలో పెన్సిళ్లు గుచ్చినట్టు వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆ బురదలో గాలి ఆడదు కదా, ఊపిరి కోసం అలా పైకొస్తాయి. కాసేపటికి మా కబుర్లు వాటంతటవే ఆగిపోయాయి. అప్పుడు వినిపించింది, బురదంతా చిటపటమంటున్న చప్పుడు. బావురు పిల్లి అడుగులు చూపించాడు. పిల్లి కనపడలేదు, అయినా ఆ నాలుగు అడుగుజాడల చుట్టూ అరగంట కూర్చున్నాం.

ఆ రాత్రి 1977 నవంబరు 19 ఉప్పెన గురించి చెప్పాడు. వాళ్లమ్మ తుమ్మచెట్టు పట్టుకుని తెల్లవార్లూ ఉండి బతికిందట. ముళ్లు దిగిన మచ్చలు చివరిదాకా ఆమె చేతుల మీద ఉన్నాయట.

ఆటుపోట్ల టైము చూసుకోకుండా దిగొద్దు. మడ అడవిలోకి అటవీ శాఖ అనుమతి తీసుకోండి. లైఫ్ జాకెట్ల పట్టీలు మీరే లాగి చూడండి. మాకిచ్చినవాటిలో ఒకటి తెగి ఉంది, బయల్దేరేముందు చూడబట్టి సరిపోయింది.

బ్రాడీపేట అమ్మ:
మా పాపదీ తొమ్మిదే. మీరు అడిగితే ముందు వద్దనే అంటాను. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ ఘాట్ దగ్గర పడవ బోల్తా పడ్డ రోజు ఇంకా కళ్లముందే ఉంది. నన్ను ఒప్పించాలంటే రెండు ఆదివారాలు లోతు తక్కువ చోట పడవని కావాలని తిరగేసి, పిల్లలు మళ్లీ ఎక్కడం నేర్పండి. మమ్మల్ని ఒడ్డున నిలబెట్టి చూపించండి. కళ్లారా చూస్తే టెన్షన్ తగ్గుతుంది, పంపిస్తాను.

సీతానగరం, ఇప్పుడు ఒంటారియో:
ఇక్కడ అల్గోంక్విన్ పార్కులో మా క్లాసు వాళ్లం కనూ ట్రిప్‌కి వెళ్లాం. ఒక సరస్సు నుంచి ఇంకోదానికి నీటి దారి లేనిచోట కనూని భుజాల మీద ఎత్తుకుని అడవిలో నడవాలి. పోర్టేజ్ అంటారు. మోస్తున్నంతసేపూ మా బ్యారేజీయే గుర్తొచ్చింది. పైన నిండుగా నీళ్లు, కింద ఎండాకాలం ఇసుక. వీలైతే సీతానగరం వైపు ఒక ఖాళీ కయాక్‌ని ఎగువ నుంచి దిగువకి పిల్లల చేత మోయించండి. 1957 నుంచి ఆ 70 గేట్లు ఏం చేస్తున్నాయో భుజాలకి తెలుస్తుంది. నీళ్లలో మాత్రం గేట్ల దగ్గరికి పోనివ్వకండి. 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు వాటికెలా గుద్దుకున్నాయో అందరం చూశాం.

భవానీపురం సోషల్ మాస్టారు:
అందరికీ ధన్యవాదాలు. అమ్మా, రెండు కాదు, మూడు ఆదివారాలు పెడతాను, మీరూ పాపని తీసుకుని రండి. నాగాయలంక రేవులో నా పాత ప్రశ్నే పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అడిగి, రెండు జవాబులూ రాయమంటాను. తమ్ముడూ, ఆ పెద్దాయన ఇంకా వలలకి వెళ్తున్నారా?